చుక్కల పోచమ్మకు పిల్లలు కట్టే చీర

అద్దకాలగూడెం వచ్చిన భక్తులు మొట్టమొదట అడిగేది ఒకటే. అమ్మవారికి ఎక్కడైనా మేలైన చీర కడతారు గదా, ఇక్కడేమిటి, ఒక చుక్క పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి వంకర, తలాతోకా లేని ఈ ఎర్రచీర కట్టారేమని. అడగనివ్వండి. కథ విన్నాక కళ్లు తుడుచుకోకుండా మెట్లు దిగినవారు తక్కువ.

పూర్వం ఇక్కడ ఆగవ్వ అనే రంగులద్దే అవ్వ ఉండేది. ఏటా బోనాలకు పోచమ్మతల్లికి ఎర్రచీర అద్ది సమర్పించే భాగ్యం ఆ ఇంటిది. ఒక ఏడు ఊళ్లో పిల్లలకు అమ్మవారు పోసింది. ఆగవ్వ మనుమరాలు యాదమ్మకు ప్రాణం దక్కింది గానీ, ముఖం నిండా మచ్చలు మిగిలాయి. ఆ పసిది తువ్వాల ముఖానికి చుట్టుకుని మూలన కూర్చుంది. అవ్వ బతిమాలింది, కోప్పడింది, ఏడ్చింది. ఊహూఁ, గడప దాటితే ఒట్టు!

"బతికించి ఇచ్చినవు తల్లీ, నీ రుణం ఏమిచ్చినా తీరదు. కానీ దాన్ని మళ్ల నవ్వించు" అని ఆగవ్వ రోజూ మొక్కుకునేది.

పిల్ల బయటికి పోకుంటే పిల్లలనే ఇంటికి పిలుద్దామని ఆమెకు తోచింది. బోనాలకు ముందురోజు వాడకట్టు పిల్లలందరినీ పిలిచి, ఉడికించిన శనగ గుడాలు పెట్టి, తలా ఒక తెల్ల పేలిక, గుప్పెడు చింతగింజలు, నూలుపోగు చేతికిచ్చింది. గుడ్డలో గింజ పెట్టి బిగించి కట్టి రంగులో ముంచితే, విప్పినప్పుడు కట్టిన చోట తెల్లని చుక్క తేలుతుంది. పిల్లలకు ఇంకేం కావాలి! వాకిలంతా ఒకటే గోల. ఆ గోలకు ఉండబట్టలేక యాదమ్మ కూడా మెల్లగా వచ్చి అందరి వెనుక కూర్చుంది.

ఆగవ్వ మరిన్ని గుడాలకు లోపలికి పోయింది. ఇంతలో పేలికలు అయిపోయాయి. అమ్మవారి చీరనూ పేలికలనూ ఆమె ఒకే పటికనీళ్లలో ముంచి ఒకే దండెం మీద ఆరేసింది. పిల్లలకేం తెలుసు? మిగిలిన తెల్లగుడ్డను లాగి, తలా ఒక చోట గింజలు కట్టి, రంగు కాగులో తోసేశారు.

తిరిగి వచ్చిన అవ్వ కాగులో తేలుతున్న అమ్మవారి చీరను చూసింది. మరో చీర నేయించే వ్యవధి లేదు. కొట్టడానికి చెయ్యెత్తింది. ఎదురుగా యాదమ్మ, తువ్వాల ఎప్పుడు జారిపోయిందో దానికే తెలియదు, మోచేతుల దాకా రంగుతో పకపకా నవ్వుతోంది. అవ్వ చెయ్యి దానంతటదే దిగిపోయింది.

తెల్లవారి గుడి ముందు చీర విప్పగానే ఊరిపెద్ద బుచ్చిరాములు మండిపడ్డాడు.

"ఇదేం చీరనే ఆగవ్వా? మచ్చల గుడ్డ తల్లికి కడ్తమా? అవతల పారెయ్!"

ఆ మాట వినగానే యాదమ్మ మళ్లీ తువ్వాల చుట్టుకుంది. అయ్యో, నిన్న దక్కిన నవ్వు నేడే పోయిందే అని ఆగవ్వ కుమిలిపోయింది.

అంతలో బోనమెత్తుకుని నిలబడ్డ బుచ్చిరాములు భార్య అండాలమ్మ ఒళ్లంతా వణికింది. ఆమె మీదికి తల్లి వచ్చింది.

"పిల్లల ముఖాల మీద మచ్చలు పెట్టింది నేను గాదా? నా బిడ్డలకున్నవి నాకుండొద్దా? కట్టుండ్రి నా చీర!"

ఇంటామె మాట ఏనాడూ చెవిన పెట్టని బుచ్చిరాములు సాగిలపడ్డాడు. చీర కట్టి హారతి ఇచ్చారు. యాదమ్మ అవ్వ కొంగు పట్టి లాగింది.

"అవ్వా, అమ్మకు గూడ నా లెక్కనే ఉన్నయే!"

"ఉన్నయి బిడ్డా. ఎంత సక్కగున్నదో సూడు."

యాదమ్మ చాలాసేపు చూసింది. తువ్వాల విప్పి అవ్వ చేతిలో పెట్టి, పిల్లల్లోకి పరుగెత్తింది. ఆగవ్వ చేతులు జోడించింది గానీ, ఏడుపు ముంచుకొచ్చి మొక్కు మాటలే మరిచిపోయింది.

నేటికీ బోనాల ముందురోజు గుడి వాకిట్లో పిల్లలే గింజలు కట్టి తల్లి చీరకు రంగు వేస్తారు. పెద్దలు ముడి వేయరాదు, వంకర పోయిందని సరిచేయరాదు. జబ్బుపడి లేచిన బిడ్డలకు ఆ చీర ముక్క కడితే చల్లగా ఉంటారని నమ్మిక. మీ పిల్లలను తీసుకురండి. నలుగురిలోకి రావడానికి జంకే పిల్ల మీ ఇంట ఉంటే తప్పక తీసుకురండి. ఎంత ఆలస్యమైనా ఆ పిల్ల వచ్చేదాకా ఆగుతారు. తొలిముడి ఆమెదే.