డిష్షుకి ఆకాశం చూపించాం

ఇంతవరకూ పైకి అనలేదు గానీ, మా ఇంట్లో అందరికంటే తెలివైనదాన్ని నేనే. బడికెళ్ళకుండానే చదువు నేర్చుకున్నదాన్ని మరి. మావాళ్ళూ మొద్దులేం కాదు. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేస్తారు.

మా చెల్లి పైడితల్లి కబడ్డీ ఆడుతుంది. ఆ సాయంత్రం దాని ఆట తొలిసారి టీవీలో లైవ్ వస్తుంది. "అందరూ చూసి, ఎలా ఆడానో చెప్పాలి," అని మరీమరీ చెప్పి వెళ్ళింది. అందుకే నాన్న డిష్షు కొనుక్కొచ్చాడు. దాన్ని బిగించాల్సిన గోవిందేమో పక్కూళ్ళో పనిలో ఇరుక్కుని, ఫోన్లో చెప్పాడు. "మీరే పెట్టేసుకోండి బాబూ. డిష్షుకి ఆకాశం బాగా కనబడాలి."

అంతే. నాన్న వాకిట్లో వెల్లకిలా పడుకుని చూశాడు. పశువులశాలలో పడుకుని చూశాడు. "ఇక్కడ సగమే కనబడతంది," అన్నాడు.

"నీకు కనబడితే సరిపోద్దేటి? కనబడాల్సింది దానికి," అంది అమ్మ.

నిజమే కదా. వాకిట్లో మంచం వాల్చి, తలగడ వేసి, డిష్షుని వెల్లకిలా పడుకోబెట్టాం. బొమ్మ రాలేదు.

మళ్ళీ ఫోన్ చేస్తే, "ముందు ఏదీ అడ్డం ఉండకూడదు," అన్నాడు గోవిందు. ఇంకేముంది, మునగచెట్టు కొట్టేశాం. వంటపాక కప్పు పీకేశాం. అమ్మ ఎండలో ఉప్మా కలుపుతూ, "నాక్కూడా ఆకాశం బాగా కనబడతంది," అని మురిసిపోయింది.

అయినా బొమ్మ రాలేదు. ఆటకి టైమైపోతోంది. ఈసారి గోవిందు విసుక్కున్నాడు. "మంచమ్మీద పెట్టడమేటి? అస్సలు కదలనిదానికి కట్టి, కొంచెం కొంచెం తిప్పండి."

మా ఇంట్లో అస్సలు కదలనిది పెదనాన్నే. పొలానికి రమ్మన్నా కదల్లేదు, ఇల్లు కురిసినా కదల్లేదు, వార్డు మెంబరుగా గెలిచాక కూడా కదల్లేదు. అరుగు మీద కూచున్న ఆయన వీపుకి తువ్వాలుతో డిష్షు కట్టేశాం.

"బరువుగా ఉందేట్రా ఇది," అన్నాడు పెదనాన్న.

"మాటాడకన్నయ్యా. గోడలు మాటాడతాయేటి?" అన్నాడు నాన్న.

నాన్న లోపల టీవీ చూస్తున్నాడు. నేను పెదనాన్నని తిప్పబోయాను, తిరిగితేగా. ఇంతలో ఉప్మా వాసన వచ్చింది. మనిషి మొత్తం వంటపాక వైపు తిరిగిపోయాడు. అంతే, బొమ్మ వచ్చేసింది. నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి, "వచ్చింది, మన పైడి బరిలో ఉంది," అని కేకేశాడు.

నా చేతిలోని ఫోను స్పీకర్లో ఉన్న గోవిందు కంగారుపడ్డాడు. "ఇంక ఎవరూ కదలకండి. నేనొచ్చేదాకా ఎక్కడివాళ్ళక్కడే ఉండండి," అని పెట్టేశాడు.

ఇంకేముంది. నాన్న తల కిటికీ బయటే ఉండిపోయింది. అమ్మ ఎత్తిన గరిటె దించలేదు. నేను ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో పెదనాన్న భుజం పట్టుకుని నిలబడిపోయాను. లోపల చెల్లి కూతకెళ్తోంది, జనం ఈలలేస్తున్నారు. టీవీ ముందు మాత్రం నరపురుగు లేదు.

"మనం చూళ్ళేదంటే పైడి ఏడుస్తాదే," అంది అమ్మ, పెదవులు మెదపకుండా.

అప్పుడు తట్టింది నాకు. ఇలాంటివి మా ఇంట్లో నాకే తడతాయి. బొటనవేలు కదిలించినంత మాత్రాన మనిషి కదిలినట్టు కాదు కదా. ఇక లాభం లేదు, చెల్లికే ఫోన్ చేస్తాను. గోవిందు వచ్చేదాకా ఆట కాస్త ఆపమని చెబుతాను.