పోరంకి మయూఖలో నాలుగు నిమిషాలు

పిచ్చేశ్వరరావు ఆ ఆదివారం పొద్దున రాజీనామా కాగితం నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకుని మరీ డ్యూటీకి వచ్చాడు.

కారణం శుక్రవారం. కొత్త సినిమా, మొదటి ఆట, మొదటి స్క్రీను. తెర మీద ఎవరో తలుపు తట్టారు. కథానాయిక వెళ్లి గడియ తీసింది. తలుపు తెరుచుకునే లోపు బొమ్మ పోయింది. తెర బొగ్గులా నల్లబడింది. అలా నాలుగు నిమిషాలు.

ఎవరి చేతిలో? పోరంకి మయూఖ మల్టీప్లెక్సు హెడ్ ఆపరేటర్ పిచ్చేశ్వరరావు చేతిలో.

ఆయన మామూలు ఆపరేటర్ కాదు. ఫోకస్ చీమ మీసమంత తప్పినా ఆయన కుడికన్ను దానంతటదే అదిరేది. కళ్లకు గంతలు కట్టి నిలబెట్టినా, మిషన్ చప్పుడు విని తెర మీద పాట నడుస్తోందో ఫైటు నడుస్తోందో చెప్పేవాడు. మయూఖ తెరిచిన రోజు నుంచి ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నాడు. రీళ్లు పోయి హార్డ్ డిస్కు వచ్చింది, అది పాతబడి ఈ ఏడు లేజర్ మిషన్ వచ్చింది. అన్నిటినీ ఆయనే లొంగదీశాడు.

లేజర్ బిగించిన రోజున కథానాయకుడి మీసంలో నెరిసిన వెంట్రుకలు జనం కూర్చున్నచోటి నుంచే లెక్కపెట్టారట. పన్నెండు. ఆ సినిమా నిర్మాత స్వయంగా ఫోన్ చేసి, వెలుతురు కాస్త తగ్గించమని బతిమాలుకున్నాడట. క్యాబిన్ కిటికీ తెరిచి ఉంచితే గన్నవరంలో దిగాల్సిన విమానం ఒకటి ఆ వెలుగు చూసి ఇటు తిరిగిందని కూడా పిచ్చేశ్వరరావు చెప్పేవాడు. నమ్మనివాళ్లకి రెండో విమానం సంగతి చెప్పేవాడు.

ఇరవై ఏళ్లలో ఒక్క మచ్చ లేదని ఆయన మాట. ఎప్పుడో ఒకసారి రీలు తెగిన మాట నిజమే. అది ఫిల్ము తప్పు గనక ఆయన దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

అలాంటి మనిషి దగ్గరికి శనివారం మేనేజర్ కిరీటి వచ్చాడు.

"సార్, రేపు మన ఇరవయ్యేళ్ల ఫంక్షన్. పాత ప్రేక్షకుల్ని పిలిచాం, వాళ్ల జ్ఞాపకాలు చెప్పుకుంటారు. చివర్లో మీరు మైకు తీసుకుని శుక్రవారం సంగతికి రెండు ముక్కల్లో సారీ చెప్పేయండి. ఆన్‌లైన్లో తెగ తిడుతున్నారు."

"సారీయా? నేనా?"

"ఆడించింది మీరేగా సార్."

అప్పుడే కాగితం రాశాడు. కానీ ఊరికే ఇచ్చి వెళ్లిపోవడం ఆయన తత్వం కాదు. ముందు జనం స్టేజీ ఎక్కుతారు. ఆ వెలుతురు గురించి, ఆ బొమ్మ గురించి ఒకరి తర్వాత ఒకరు కళ్లనీళ్లతో చెబుతారు. అప్పుడు తను లేచి మైకు అందుకుని, సారీకి బదులు కాగితం చదువుతాడు. హాలంతా గోల. మేనేజర్ కాళ్ల మీద పడతాడు. తను వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోతాడు. శనివారం సాయంత్రం ఈ సీను మనసులో ఏడు ఆటలు వేసుకున్నాడు. ఏడూ హౌస్‌ఫుల్.

చూడ్డానికి తన గురువుని కూడా పిలిపించుకున్నాడు.

నన్నే సాహెబుకి ఎనభై దాటాయి. గాంధీనగర్‌లో ఒక పాత హాల్లో ముప్పైరెండేళ్లు సినిమాలు ఆడించిన మనిషి. పిచ్చేశ్వరరావు కుర్రతనంలో పదేళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. రీళ్ల పెట్టె మూత తీయకుండా వాసన చూసి, ఇది గుడివాడ నుంచి వచ్చిందా ఏలూరు నుంచి వచ్చిందా సాహెబు చెప్పేవాడట. ప్రొజెక్టర్లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీల మంటతో బీడీ ముట్టించుకున్న మొనగాడు భూమ్మీద ఆయనొక్కడేనని పిచ్చేశ్వరరావు ప్రమాణం చేసేవాడు. సాహెబుని అడిగితే, "నాకు బీడీ అలవాటు లేదయ్యా" అనేవాడు.

గురుశిష్యులిద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. ఫంక్షన్ మొదలైంది.

ముందుగా టెలిఫోన్ ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన వెంకటరత్నం మైకు తీసుకున్నాడు. పిచ్చేశ్వరరావు ఛాతీ విరిచి కూర్చున్నాడు.

"మొదటి రోజు మా అమ్మని తీసుకొచ్చానండి. ఎస్కలేటర్ చూసి చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి ఎక్కింది. పైకెళ్లాక చూస్తే చెప్పులు కిందే ఉండిపోయాయి. నేను తెద్దామని దిగితే, నేనూ పోయాననుకుని ఆవిడ పైన ఏడుపు. ఇప్పుడావిడ లేదు. ఇక్కడికొచ్చినప్పుడల్లా ఆ మెట్ల దగ్గర కాసేపు నిలబడతాను."

"సినిమా ఏంటండీ?" అన్నాడు కిరీటి.

"గుర్తులేదండి."

తర్వాత సువర్ణ అనే దర్జీ ఆవిడ వచ్చింది. "మా ఇంట్లో ఏడుగురం, ఒక్కటే ఫ్యాను. ఇక్కడ ఏసీలో కూర్చున్నాను, కళ్లు మూతపడ్డాయి. మళ్లీ లేచేసరికి జనం బయటికి పోతున్నారు. నా పెళ్లయ్యాక అంత నిద్ర పోయింది ఆ రోజేనండి."

పిచ్చేశ్వరరావు ఉండబట్టలేక కూర్చున్నచోటి నుంచే అడిగాడు. "బొమ్మ ఎలా ఉందమ్మా?"

"ఎవరికి తెలుసండీ?"

హాలు నవ్వింది. సాహెబు కూడా నవ్వాడు.

ఆటో నడిపే యాకోబు స్టేజీ మీదికి దూకినట్టే వచ్చాడు. "రీళ్ల రోజుల్లో ఒకసారి బొమ్మ తెగిందండి. హీరో విలన్ ఎదురెదురుగా నిలబడ్డారు, హీరో నోరు తెరిచాడు, అంతే. చీకటి. వెనక సీట్లోంచి ఎవడో ఆ డైలాగు అందుకున్నాడు. విలన్ మాట ఇంకొకడు అన్నాడు. పక్క వరసలో ఒక మామ్మ గారు విలన్‌ని తిట్టారు చూడండీ, అలాంటి తిట్టు మళ్లీ నేను వినలేదు. పది నిమిషాలు మేమే ఆడించాం సినిమా. తర్వాత బొమ్మొచ్చింది. హీరో ఏదో అన్నాడు. చప్పగా ఉంది. మావాళ్లు 'ఆపెయ్యండ్రా' అన్నారు."

ఈలలు, చప్పట్లు. పిచ్చేశ్వరరావు చెవులు ఎర్రబడ్డాయి. "అది ఫిల్ము తప్పు" అన్నాడు పక్కన సాహెబుతో. సాహెబు వినిపించుకోలేదు.

చివరికి నాగమల్లేశ్వరి వచ్చింది. అంగన్‌వాడీ టీచరు. రెండో వరసలో కూర్చున్న ఒక ముసలాయన వైపు ఒకసారి చూసి మొదలుపెట్టింది.

"నాది పాత జ్ఞాపకం కాదండి. మొన్న శుక్రవారందే. మాది కులాంతరం. మా మామగారు నాతో మాట్లాడి ఆరేళ్లయింది. ఏం కావాలన్నా మా ఆయనతో చెప్పించేవారు. ఆ రోజు మా ఆయన ముగ్గురికీ టిక్కెట్లు తీసి, డ్యూటీ పడి రాలేకపోయారు. మేమిద్దరం వచ్చాం. మధ్యలో ఖాళీ సీటు. ఆ అమ్మాయి తలుపు గడియ తీయగానే బొమ్మ పోయింది. హాలంతా అరుపులు. ఆ చీకట్లో మా మామగారు అడిగారు, 'తలుపవతల ఎవరుంటారంటావమ్మా?' అని."

వెనక వరసలవాళ్లు ముందుకి వంగారు.

"నేను, 'వాళ్ల నాన్నేమో మామయ్యగారూ' అన్నాను. ఆయన 'అయ్యుంటాడు' అన్నారు. 'పాపం ఎంతసేపని నిలబడతాడు' అన్నారు. బొమ్మ వచ్చేదాకా అలా మాట్లాడుకుంటూనే ఉన్నాం. తర్వాత చూస్తే పోస్ట్‌మ్యాన్."

ఆమె నవ్వింది. రెండో వరసలో ముసలాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ బొమ్మ ఆపినవాళ్లు ఎవరో నాకు తెలీదు. వాళ్లకి దణ్ణం" అని చేతులు జోడించి దిగిపోయింది.

పిచ్చేశ్వరరావుకి తల మీద పెంకుటిల్లు కూలినట్టయింది. లేచి, ఎవరి మొహమూ చూడకుండా తలుపు తోసుకుని బయటికి నడిచాడు.

సాహెబు కర్ర తాటించుకుంటూ వెనకే వచ్చాడు. "ఎక్కడికిరా?"

"ఇంటికి. ఇదిగో కాగితం. మేనేజర్ టేబుల్ మీద పడేసి పోతాను."

"మాట్లాడాలిగా నువ్వు."

"ఏం మాట్లాడమంటారు? విన్నారుగా సాయిబు గారూ. ఇరవై ఏళ్లు వెలుతురు కుండలతో పోశాను వీళ్లకి. ఒకాయనకి చెప్పులు గుర్తు, ఒకావిడకి నిద్ర గుర్తు. ఒకడికి తెగిన రీలు గుర్తు. ఆవిడ దణ్ణం పెట్టింది చూశారూ, దేనికి? ఆరిపోయినందుకు. ఒక్కరంటే ఒక్కరు వెలుతురు మాటెత్తారా?"

సాహెబు లాబీలో ఎర్ర తాడు కట్టి నిలబెట్టిన పాత ప్రొజెక్టర్ వైపు చూస్తున్నాడు. మొదటి స్క్రీన్లో ఎనిమిదేళ్లు రీళ్లు ఆడించిన మిషనే అది. ఫంక్షన్ కోసం తళతళలాడేట్టు తోమి, జనం ఫోటోలు దిగడానికి పెట్టారు. 'ముట్టుకోరాదు' అని బోర్డు.

సాహెబు తాడు మీంచి ఒక కాలు వేశాడు.

"ముట్టుకోకూడదట సాయిబు గారూ."

"మనక్కాదులేరా." రెండో కాలు కూడా వేశాడు. మిషన్ పక్కనున్న చిన్న తలుపు తీశాడు. లోపల ఉత్తి మిషన్, ఫిల్ము లేదు. "నీ ఫోన్లో లైటుంటుందిగా. వెలిగించి ఇలా ఇవ్వు."

ఫోను తీసుకుని, ఒకప్పుడు దీపం ఉండేచోట నిలబెట్టాడు. భుజం మీది తెల్ల తుండుగుడ్డ తీసి శిష్యుడి చేతికిచ్చాడు.

"రెండు చేతుల్తో పట్టుకో. లెన్సు ముందు నిలబడు."

ఏం చేస్తున్నారని అడిగే ఓపిక పిచ్చేశ్వరరావుకి లేదు. గుడ్డ పరిచి పట్టుకున్నాడు. దాని మీద గుండ్రంగా వెలుతురు పడింది.

సాహెబు మిషన్ పక్కనున్న చక్రం బొటనవేలితో మెల్లగా తిప్పాడు. గుడ్డ మీద వెలుతురు పోయింది. ఇంకాస్త తిప్పాడు. వచ్చింది. మళ్లీ పోయింది.

"ఏంటది?" అని అడిగాడు సాహెబు.

"షట్టర్ రేకు. ఒక బొమ్మ జరిగి ఇంకో బొమ్మ వచ్చేదాకా వెలుతురుకి అడ్డం పడుతుంది. నాకు తెలీదా సాయిబు గారూ? మీ దగ్గర పదేళ్లు, ఇక్కడ ఎనిమిదేళ్లు నేను తుడిచిన రేకే."

"తుడిచావు. లెక్కపెట్టావా?"

"ఏం లెక్క?"

"ఎంతసేపు వెలుతురో, ఎంతసేపు చీకటో."

చక్రం ఇంకా నిదానంగా తిరిగింది. పిచ్చేశ్వరరావు విసుగ్గానే లెక్కపెట్టాడు. వెలుతురు ఒకటి, రెండు, మూడు, నాలుగు. చీకటి ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంకోసారి చూశాడు. అంతే వచ్చింది.

"ఇంచుమించు సమానం" అన్నాడు.

"మూడు గంటల సినిమాలో?"

పిచ్చేశ్వరరావు మనసులో సగం చేశాడు. పెద్ద పెద్ద అంకెలు చెప్పడం ఆయనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇంత పెద్ద అంకె ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

"గంటన్నర" అన్నాడు చివరికి.

"గంటన్నర. నేను ముప్పైరెండేళ్లు ఆడించాను. అందులో పదహారేళ్లు చీకటే ఆడించాను. జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి చూశారు. మళ్లీ వచ్చారు. ఆరిపోయిందని ఒక్కడూ అరవలేదు."

సాహెబు చక్రం ఆపాడు. పిచ్చేశ్వరరావు గుడ్డ పట్టుకున్న తన చేతుల్ని చూసుకున్నాడు. మిషన్‌తో మెలిగిన చేతులే అవి. ఆ రేకుకి నూనె పెట్టాయి, దుమ్ము తుడిచాయి, వంకర పోతే సరిచేశాయి. పద్దెనిమిదేళ్లు. అందులో తొమ్మిది.

"ఇప్పటి మిషన్లో రేకు లేదు సాయిబు గారూ" అన్నాడు, పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికినట్టు. "లేజర్ ఆరదు. రెప్పపాటు కూడా ఆరదు."

"అందుకే కాబోలు పాపం, నాలుగు నిమిషాలు ఒక్కసారే ఇచ్చేసింది."

పిచ్చేశ్వరరావు నవ్వలేదు. తుండుగుడ్డ కిందికి జారింది. లోపల హాల్లో ఎవరో ఏదో చెబుతున్నారు, జనం నవ్వుతున్నారు. ఆయన ఆ తలుపు వైపు తిరిగాడు. అవతల తనకి తెలియని మనుషులు ఎవరో ఉన్నట్టు చూశాడు.

"మరి అంతసేపు వాళ్లు ఏం చూశారు సాయిబు గారూ?"

సాహెబు ఫోను బయటికి తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు. మిషన్ తలుపు మూశాడు.

"అది వాళ్ల సొంత విషయంరా. మనం అడక్కూడదు."

అప్పుడే కిరీటి పరుగున వచ్చాడు. "సార్, అందరూ చెప్పడం అయిపోయింది. మీ రెండు ముక్కలు చెప్పేస్తే మ్యాట్నీ వేసుకోవచ్చు. మ్యాట్నీకి మీరుంటున్నారా, మూడో స్క్రీను అతన్ని రమ్మనా?"

పిచ్చేశ్వరరావు లోపలికి నడిచాడు. స్టేజీ ఎక్కి మైకు తీసుకున్నాడు. ఆయన మైకు పట్టుకుంటే గంటకి తక్కువ వదలడని తెలిసినవాళ్లు సీట్లలో సర్దుకుని కూర్చున్నారు.

"శుక్రవారం నాలుగు నిమిషాలు చీకటైంది" అన్నాడు. "అప్పుడు మిషన్ దగ్గర ఉన్నది నేనే. మన్నించండి."

జనం ఇంకా వస్తుందేమోనని చూశారు. రాలేదు. మైకు కిరీటి చేతికిచ్చి, మ్యాట్నీ వెయ్యడానికి క్యాబిన్ మెట్లెక్కాడు.