గీత బయట నడక

ఆ పిల్ల పేరు తన చేత్తోనే కొట్టేసిన సంగతి కాంచన ఎవరికీ చెప్పలేదు. ఎందుకు కొట్టేసిందో తనకి తను కూడా చెప్పుకోలేదు.

విశాఖపట్నంలో ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పే హాస్టలు ఒకటుంది. ఆ హాస్టలు తరఫున ఊరూరా తిరిగి, హైస్కూలు పిల్లల ఆట చూసి, బాగా ఆడేవాళ్ళని ఏరడం కాంచన పని. ఈ ఏడాది ఆరుగురికే చోటు. చేరిన పిల్లకి చదువూ, తిండీ, బూట్లూ, రెండు పూటలా ఆటా. చేరని పిల్ల పదో తరగతితో ఆటకి దణ్ణం పెట్టి ఇంటికి పోవలసిందే.

తొమ్మిది రోజుల కిందట, సాలూరు దాటాక కొండల్లో ఉన్న ఒక ఆశ్రమ పాఠశాలలో బిడ్డిక చామంతిని చూసింది. తొమ్మిదో తరగతి. పొడుగూ కాదు, పొట్టీ కాదు. వట్టి కాళ్ళు. బంతి నడపమంటే నడుపుతుంది, రింగు కింద అడ్డుపడమంటే పడుతుంది, దూరం నుంచి వెయ్యమంటే వేస్తుంది. ఏది చేసినా చిన్నప్పటినుంచీ అదొక్కటే చేస్తున్నట్టుంటుంది.

చూస్తూ చూస్తూ ఉండగా కాంచన కడుపులో ఎక్కడో మండింది. ఆమెకి ఆట ఒకరు నేర్పింది కాదు. విజయనగరంలో కోర్టు కంచె బయట నిలబడి పెద్దవాళ్ళ ఆట చూసి, ఇంటికొచ్చి పెరటిగోడకి బంతి కొట్టి, ఒక్కొక్కటే పట్టుకుంది. ఎడమచేత్తో బంతి నడపడానికే రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళ పనిని ఈ పిల్ల జడ వెనక్కి వేసుకున్నంత తేలిగ్గా చేసేసి, అటు తిరిగి ఎవరితోనో నవ్వుతోంది.

హాస్టలు వాళ్ళ పుస్తకంలో ఒక్కో పేరు ఎదురుగా ఐదు గడులుంటాయి, ఆటలో ఐదు స్థానాలకి. ఏదో ఒక్కదాంట్లోనే టిక్కు పెట్టాలి. కాంచన కలం ఐదు గడుల మీదా తిరిగింది. ఆఖరికి 'స్థిరమైన స్థానం లేదు' అని రాసి, పేరు మీద గీత పెట్టింది. రాసిన మాట అబద్ధం కాదు. అందుకే ఎవరూ అడగలేదు.

అప్పటినుంచీ తెల్లారగట్ల ఒకటే కల. ఖాళీ కోర్టు, చుట్టూ మంచు. మనిషన్నవాళ్ళు కనబడరు. బంతి నేలకి తగులుతున్న చప్పుడు మాత్రం ఒకసారి దగ్గర్నుంచి, ఒకసారి దూరం నుంచి వస్తూ ఉంటుంది.

హాస్టలు పెద్ద రత్నప్రభ మేడంకి ఫోన్ చేసి చెప్పేద్దామని రోజూ అనుకునేది. చెబితే, ఇంకెంతమందిని ఇలా కొట్టేశావని ఆవిడ అడుగుతుంది. అడగడం న్యాయమే. ఆ తరవాత ఈ పని ఉండదు. కాంచనకి ఈ పని తప్ప చెప్పుకోడానికి ఇంకోటి లేదు. ఫోన్ తీసేది, మళ్ళీ సంచీలో పడేసేది.

శనివారం సాయంత్రం పైడయ్య మాస్టారి దగ్గరికి వెళ్ళింది. కంచె బయట రోజూ నిలబడే పిల్లని ఒకనాడు లోపలికి పిలిచి చేతిలో బంతి పెట్టిన మనిషి ఆయనే. రిటైరై చాలా కాలమైంది. ఎప్పుడూ మాట తక్కువే, ఇప్పుడు మరీ తగ్గింది.

ప్రశ్న మాత్రం చాలా పెద్దమనిషి తరహాలో అడిగింది. "అన్ని చోట్లా ఆడగలిగే పిల్లని ఏ గడిలో రాయాలి మాస్టారూ?"

ఆయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ఏ ఊరి పిల్ల, ఏ గుంట అని అడిగారు. కాంచన స్కూలు చెప్పింది, ఊరు చెప్పింది, ఆట అంతా చేతులు తిప్పుతూ చెప్పింది. పేరు కొట్టేసిన సంగతి ఒక్కటే వదిలేసింది. జాబితా ఎప్పుడు పోతుందన్నారు. రేపు సాయంత్రం ఐదింటికంది. రేపు పొద్దున్న ఆ పిల్లలకి పక్క స్కూలుతో ఆట ఉన్న సంగతి కూడా చెప్పక తప్పలేదు.

"అయితే మొదటి బస్సుకి పోదాం," అన్నారు మాస్టారు, పొట్టు దులుపుకుంటూ.

బస్సు దిగేసరికి కొండలు లేవు. మంచే ఉంది. స్కూలు కోర్టు అంటే చోళ్ళు, అదే రాగులు, ఆరబోసుకునే సిమెంటు కళ్ళం. పిల్లలు చోళ్ళని చీపుళ్ళతో ఓ మూలకి ఊడ్చి, సున్నంతో గీతలు వేస్తున్నారు. జట్టుకి ఉన్నదే ఏడుగురని, అందులో ఇద్దరికి ఇవాళ వంటశాల పనిపడిందని, టీచరు గౌరీశ్వరి నొచ్చుకుంటూ చెప్పింది. పేరు తీసేశారటగా మేడం అని అడగలేదు. ఆమెకి ఇంకా తెలీదు. ఫలితం కోసం చూస్తున్నామంది.

కాంచన తలొంచుకుని పుస్తకం తెరవబోయింది. మాస్టారు చెయ్యి చాపారు. పుస్తకం తీసుకుని, గట్టు తడిగా ఉందని దాన్ని కింద వేసుకుని, దాని మీద కూచున్నారు.

"రాయకు. ఆ గుంట ఎటు పోతే గీత బయట నువ్వూ అటు పో. అది ఆగితే ఆగు."

"ఆట అయ్యేదాకానా?"

విజిల్ మోగింది.

కాంచన నడవడం మొదలెట్టింది. సిగ్గుగా ఉంది. అవతలి జట్టు పిల్లలు చూసి కిసుక్కుమన్నారు. ఈ మేడం మనకి ఆడుతోందా, వాళ్ళకి ఆడుతోందా అని ఒకతె అడిగింది. వాళ్ళకే, అందుకే బంతి ఇవ్వట్లేదు అంది ఇంకొకతె. కాంచన చెవులు వేడెక్కాయి. కాళ్ళు మాత్రం చామంతి వెంట పోతూనే ఉన్నాయి.

కాసేపటికి నవ్వులు వినబడటం మానేశాయి. మంచు కోర్టు మీదికి దిగింది. బంతి ఎక్కడుందో తెలీదు. తెలియాల్సిన పనీ లేదు. ఎదురుగా ఒక నీలం గౌను, రెండు వట్టి కాళ్ళు. అవి కదిలితే కదలడం, ఆగితే ఆగడం. నిద్రలో నడుస్తున్నట్టుంది. ఎవరు నిద్రపోతున్నారో ఎవరి కలలో ఎవరున్నారో అన్నట్టుంది.

మొదట ఆగిన చోట తలెత్తి చూస్తే, ఆయాసమున్న చిన్నపిల్ల ఒకతి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగరుస్తోంది. ఆ పిల్ల నిలబడాల్సిన చోట చామంతి నిలబడింది. ఆ పిల్ల తేరుకుని వచ్చేసరికి చామంతి అక్కడ లేదు. రెండోసారి ఆగిన చోట ఎవరో జారిపడి లేస్తున్నారు. మూడోసారి, బంతికీ రింగుకీ సంబంధమే లేని ఓ మూలకి చామంతి నెమ్మదిగా నడిచిపోయింది. అలిసిపోయింది కాబోలనుకుంది కాంచన. ఆ వెనకే అవతలి జట్టులో పొడుగుపిల్ల కూడా కాపలాకి వచ్చేసింది. రింగు కింద చోటు ఖాళీ అయింది. ఆయాసం పిల్ల తాపీగా బంతి వేసింది. అందరూ ఆ పిల్ల పేరు పెట్టి అరిచారు. చామంతి కూడా అరిచింది.

పుస్తకం చేతిలో ఉండి ఉంటే ఆ నిమిషం చామంతి పేరు ఎదుట రాయడానికి ఏమీ ఉండేది కాదు.

నాలుగో క్వార్టర్‌కి కాంచన పక్కలో పోటు పట్టుకుంది. ఊపిరి అందడం లేదు. అయినా అడుగు తప్పకుండా వెంటపడగలుగుతోంది. అది కాస్త గర్వంగానే అనిపించింది. విజిల్ పడి, బంతి అటునుంచి ఇటు మార్చుకునే వ్యవధిలో చామంతి గీత దగ్గరికి వచ్చింది.

"పక్కలో పోటా అక్కా?" అంది గుసగుసగా. "ఇందాకట్నించి సూస్తన్నాను. విజిల్ పడ్డప్పుడల్లా మీకోసం మెల్లగా నడుత్తన్నాను. ఇంక ఉరకాలి, మనం రెండు పాయింట్లు ఎనకున్నాం. మీరు కూకోండి, ఏం పరవాలేదు."

చెప్పి పరిగెత్తింది. మంచులో గౌను ముందు పోయింది, తరవాత కాళ్ళు పోయాయి.

కాంచన గీత పక్కన ఎక్కడ నిలబడిందో అక్కడే కూచుంది. తన వెంట నడుస్తున్నదెవరో, తను ఎవరి వెంట నడిచిందో కాసేపు తెలీలేదు. కళ్ళు మండాయి. ఆట ఎలా ముగిసిందో చూడలేదు. ఎవరో గెలిచారు. రెండు జట్ల పిల్లలూ కలిసి చోళ్ళని మళ్ళీ కోర్టంతా పరవడం మొదలెట్టారు.

లేచి మాస్టారి దగ్గరికి వచ్చింది. ఆయన గట్టు మీదనుంచి లేచి, పుస్తకం అట్ట పంచెకి తుడిచి అందించారు. తెరిచి చూసిన జాడ లేదు.

"మాస్టారూ," అంది. "ఈ పిల్ల పేరు నేను కొట్టేశాను. గడి దొరక్క కాదు. నాకు రానిది ఆ పిల్లకి వచ్చిందని."

మాస్టారు కొండల వైపు చూశారు. మంచు విడుతోంది. ఒక కొండ అప్పుడే సగం తేలింది.

"నాకు చెప్తే ఏటొస్తాది తల్లీ?" అన్నారు.

అంతే. పిల్లలు పిలిస్తే చోళ్ళు పరచడానికి వెళ్ళిపోయారు.

కాంచన పుస్తకం సంచీలో పెట్టింది. తరవాత గౌరీశ్వరి టీచరుని పిలిచి, ఇక్కడ సిగ్నల్ ఎక్కడ అందుతుందని అడిగింది. వంటశాల వెనక మెట్ట మీద, ఆ నీళ్ళ ట్యాంకు దాకా ఎక్కాలంది టీచరు. ఏమైనా అర్జెంటా మేడం అని కూడా అడిగింది. అవునంది కాంచన.

పదకొండున్నరైంది. ఆదివారం ఈ వేళకి రత్నప్రభ మేడం ఇంట్లోనే ఉంటుంది. మొదటి మాట ఏమనాలో ఆలోచించబోయి మానేసింది. ఆవిడ ఫోన్ ఎత్తాక మాట అదే వస్తుంది. సంచీలోంచి ఫోన్ తీసి గుప్పిట్లో పట్టుకుని, మెట్ట ఎక్కడం మొదలుపెట్టింది.