నూకాలమ్మ యాభై మూడు అడుగులు

మా పల్లపులంకలో తెలివైన ఇల్లు ఏదని అడిగితే గవర్రాజు తన ఇల్లే చూపించేవాడు. ఇంకెవరూ ఆ ఇంటిని చూపించేవారు కాదు, అది వేరే సంగతి. మా లంకలో తెలివి అంతంతమాత్రం. అందులోనూ వాళ్ళది మరీ ముదిరింది. ఆ ఇంట్లో గవర్రాజు, తమ్ముడు అబ్బులు, తల్లి నూకాలమ్మ. ఇంటి వెనక పాక, పాక వెనక చిత్తడి నేల. పాకలో ఒక్కటే గేదె, నిండు చూడిది.

ఒకరోజు చిత్తడి నేలల్ని కాపాడే ఆఫీసరుగారొకాయన వచ్చి కొత్త రూల్సు చెప్పాడు. చిత్తడి నీళ్ళకి యాభై అడుగుల లోపు పాక ఉంటే వారంలో కూల్చేస్తారు. చిత్తడి నేలలో ఎవరూ అడుగు పెట్టకూడదు. వాననీళ్ళు అందులోకి పోతుంటే అడ్డుపడకుండా దారివ్వాలి. గవర్రాజు పాకవైపు చూశాడు. పాక పోతే ఈనబోయే గేదెని ఎక్కడ కట్టెయ్యాలి?

ఆయనటు వెళ్ళగానే గవర్రాజు పాక నుంచి నీళ్ళదాకా నడిచి చూశాడు. పద్దెనిమిది అడుగులే వచ్చాయి. అబ్బులు నడిస్తే ఇరవై. మోకాళ్ళ నొప్పులతో నూకాలమ్మ నడిచేసరికి యాభై మూడు.

"మూడడుగులు ఎక్కువే ఉందిరా," అంది ఆవిడ. అంతే, ఆ పూట పాయసం వండుకున్నారు.

మర్నాడు చిత్తడిలో గడ్డి కొయ్యాలి. అడుగు పెట్టకూడదు కదా, అన్నదమ్ములిద్దరూ గేదెనెక్కారు. రూలు మనుషుల అడుగులకే గాని గేదె అడుగులకి కాదు. చల్లటి బురద కనపడితే గేదె ఊరుకుంటుందా? ఇంకేముంది, వీళ్ళతో సహా హాయిగా పడుకుంది. కాసేపటికి లేచి ఇంటికి పోయింది. వీళ్ళు మాత్రం కాళ్ళు పైకెత్తి పట్టుకుని, గట్టుదాకా పిర్రల మీద దేకారు.

మూడో రోజు కుంభవృష్టి. వీధిలో నీళ్ళు గడప దాకా వచ్చాయి. ఏటా మట్టికట్ట వేసేవాళ్ళు, ఈసారి తలుపులు బార్లా తెరిచి మర్యాదగా పక్కకి తప్పుకున్నారు. నీళ్ళు వెనక గోడ దగ్గర ఆగిపోయాయి. గోడ అడ్డొస్తోందని గవర్రాజు గునపం తెచ్చాడు. అంతే, గోడ పడింది, ఇంట్లో నీళ్ళన్నీ ఒక్క ఉదుటున పాక మీద పడ్డాయి. గేదె ముందే పలుపు తెంపుకుని రోడ్డెక్కింది. బియ్యం డబ్బా, మంచం, ఆఖరికి పాక గుంజలు కూడా కొట్టుకుపోయాయి. డబ్బా తేలిపోతుంటే ఎక్కడో తేడా వచ్చిందని గవర్రాజుకి అనిపించింది. ఇంట్లో ఇంకెవరికీ అనిపించలేదు కాబట్టి తనదే పొరపాటనుకున్నాడు.

వారానికి ఆఫీసరుగారొచ్చాడు. పాక లేదు, గోడ లేదు. రోడ్డు పక్కన గేదె, దాని పక్కన ముందురోజే పుట్టిన పెయ్యదూడ. పాకని రోడ్డువైపుకి మార్చుకుంటే సరిపోయేదని ఆయన తల పట్టుకున్నాడు. ఎవరి అడుగులో రూల్లో ఎందుకు రాయలేదని నూకాలమ్మ గంటసేపు నిలదీసింది. ఆయన చేతులు జోడించాడు.

"మీకో దణ్ణం. నన్ను వదిలెయ్యండి."

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు. పట్టుకోకుండా వదలడమెలా? పాపం పెద్దమనిషి, నోరు తెరిచి అడిగాడు. అబ్బులు చంకల కింద చేతులేశాడు, గవర్రాజు కాళ్ళు పట్టుకున్నాడు. మెత్తటి చోటైతే దెబ్బ తగలదని నూకాలమ్మ సలహా ఇచ్చింది. గట్టుదాకా మోసుకెళ్ళి, బురద బాగా మెత్తగా ఉన్నచోటు చూసి, ఇద్దరూ ఒక్కసారే వదిలేశారు.