ఫ్యాను ఆపిన గది

రికార్డింగు మొదలైందని చెప్పే ఎర్ర బల్బు వెలగగానే కృపావతి చేతులు చల్లబడిపోతున్నాయి.

అది మే నెల. రాజమండ్రిలో ఒక మిషన్ బడి హాలు. తలుపులన్నీ మూశారు. చప్పుడు రికార్డులోకి వస్తుందని ఫ్యాను కూడా ఆపేశారు. గదిలో అందరికీ చెమటలు కారుతున్నాయి. ఆమె వేళ్లు మాత్రం కుండలో నీళ్లలా ఉన్నాయి.

ఆమె వాయించాల్సింది నూట యాభై ఏళ్ల కిందట జర్మనీలో ఒకాయన పియానోకి రాసిన పాట. ఆయన్ని ఆ దేశంలోనే మరిచిపోయారు. పాట అచ్చులో ఎక్కడా లేదు. ఒక మిషన్ దొరసాని చేత్తో రాసుకొచ్చిన ప్రతి ఒక్కటే మిగిలింది. ఆమె దాన్ని దేవవరం మాస్టారికి ఇచ్చింది. మాస్టారు కృపావతికి నేర్పారు. మరుగున పడ్డ పియానో పాటలు ఏరి రికార్డులు వేసే కంపెనీ ఒకటి ఈ సంగతి విని, హైదరాబాదు నుంచి నిజాముద్దీన్ అనే ఆయన్ని యంత్రాలతో పంపింది.

పొద్దుటి నుంచి పదకొండుసార్లు మొదలుపెట్టింది. పదకొండుసార్లూ చివరి పేజీలోనే ఆగిపోయింది. అక్కడ రెండు చేతులూ ఒక్కసారిగా చెరోవైపు దూకాలి. ఆ చోటు దగ్గరపడుతుంటేనే వేళ్లు వెనక్కి లాగేసుకునేది.

పక్క గదిలోంచి నిజాముద్దీన్ తల బయటపెట్టాడు.

"అమ్మా, నాకు ఐదింటికి బండి. ఇవాళ కాకపోతే ఈ పాట లేకుండానే రికార్డు వచ్చేస్తుంది. మీరు భయపడండి, నేనేమీ అనను. కాస్త తొందరగా భయపడండి."

కృపావతి నవ్వలేదు. పక్కనే కుర్చీలో కూర్చున్న మాస్టారి వైపు తిరిగింది.

"నావల్ల కాదు మాస్టారూ. పేరున్న పాటైతే నేను తప్పు వాయించినా, సరిగ్గా వాయించినవాళ్లు పదిమంది ఉంటారు. దీనికి నేనొక్కదాన్నే. నేను తప్పితే, ఆయన రాసిందే అలా ఉందనుకుంటారు."

"అనుకుంటారు," అన్నారు మాస్టారు.

ఆమెకు భయం ఇంకాస్త పెరిగింది.

మాస్టారికి డెబ్భై తొమ్మిదేళ్లు. లేచి బీరువా తాళం తీశారు. అడుగున గుడ్డలో చుట్టి ఉన్న గ్రామఫోను రికార్డు ఒకటి బయటికి తీశారు. దాని మీద పేరు లేదు, బొమ్మ లేదు. మూలనున్న పాత గ్రామఫోను మీద పెట్టి ముల్లు ఆనించారు.

అదే పాట. ఆమె కంటే వేగంగా, ఆమె కంటే ధైర్యంగా ఎవరో వాయిస్తున్నారు. కాసేపటికి ఆ ఎడమచేతి బరువు ఆమె గుర్తుపట్టింది. చిన్నప్పుడు తన వేళ్ల మీద బెత్తం పడింది ఆ చేతి నుంచే.

చివరి పేజీ వచ్చింది. చేతులు దూకాయి. కుడిచెయ్యి పియానో మీద పక్క మెట్టుని నొక్కింది. ఒక్క స్వరం తప్పు. పాట ఆగకుండా చివరిదాకా సాగింది.

"మద్రాసులో రికార్డు ఇచ్చాను, పంతొమ్మిది వందల అరవై ఒకటిలో. కంపెనీవాళ్లు బాగుందని ఈ నమూనా పంపారు. నేనే బయటికి వదలొద్దని ఉత్తరం రాశాను."

"ఆ ఒక్క స్వరానికా?"

"దానికే."

"మళ్లీ ఇవ్వలేదా మాస్టారూ?"

"రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ స్టేషను దాకా వెళ్లాను."

కృపావతి పేరులేని ఆ రికార్డు వైపు చూసింది.

"ఇది ఎవరెవరు విన్నారు?"

మాస్టారు రికార్డును మళ్లీ గుడ్డలో చుట్టారు.

"నేను. ఇవాళ నువ్వు."

ఆమె ఆ గుడ్డ మూటనే చూస్తూ కూర్చుంది. మొదటి భయం ఎక్కడికీ పోలేదు. ఇంకో భయం వచ్చి దాని పక్కన కూర్చుంది. వేళ్లు పైటకి తుడుచుకుని, నిజాముద్దీన్ వైపు తలూపింది.

ఎర్ర బల్బు వెలిగింది.

చివరి పేజీ వచ్చేసరికి వేళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి. చేతులు అలాగే దూకాయి. ఎడమచెయ్యి సరిగ్గా పడింది. కుడిచెయ్యి పక్క మెట్టుని కూడా నొక్కేసింది. ఆమె ఆగలేదు.

ఆఖరి స్వరం గదిలో పూర్తిగా అణిగేదాకా ఎవరూ కదల్లేదు.

నిజాముద్దీన్ తలుపు తీశాడు. "బాగుందమ్మా. అక్కడొక్కచోటే కాస్త... నేను బయల్దేరడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. మరోసారి ఇస్తారా?"

కృపావతి మాస్టారి వైపు చూసింది.

మాస్టారు లేచారు. మెల్లగా గోడ దాకా నడిచి, ఫ్యాను స్విచ్ వేశారు.

దొరసాని కాయితాలు ఎగరబోయాయి. కృపావతి రెండు చేతులతో వాటిని పట్టుకుంది.