రోట్లో చెయ్యి పెట్టేదెవరు?

అనగనగనగా, అటుకులు దంచుకుని బతికే ఊరొకటుండేదిరా కన్నా. నానిన వడ్లు మంగలంలో వేయించి, వేడి చల్లారకముందే రోట్లో పోసి దంచేవాళ్ళు. ఒకరు దంచుతుంటే, రోకలి పైకి లేచిన సందులో ఇంకొకరు చెయ్యి పెట్టి గింజలు ఎగదోసేవాళ్ళు. దంచే మనిషి మీద నమ్మకం ఉంటేనే ఆ చెయ్యి రోట్లోకి వెళ్తుంది.

ఆ ఊళ్ళో నాంచారి అని ఒకావిడ. మనసు మంచిదే, కళ్ళకే అనుమానం ఎక్కువ. పాలవాడి చెంబులోకి కూడా తొంగి చూసేది. పక్కింటి వరహాలూ ఆవిడా ఒకే రోటి దగ్గర జత.

అప్పుడు వరహాలుకి బిడ్డ పుట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ తల్లికి నిద్ర లేదు, ఊరికే ఏడుపు. మొగుడు పట్నం తీసుకెళ్ళి, మనసుకి వైద్యం చేసే డాక్టరమ్మకి చూపించాడు. మందులు వాడి, మెల్లగా మామూలు మనిషైంది. అయితే ఏం, "పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిందట" అని ఊరంతా గుసగుసలు.

ఆ తర్వాత వరహాలు నవ్వితే, ఎందుకు నవ్వుతోందా అని నాంచారికి అనుమానం. నవ్వకపోతే, లోపల ఏమనుకుంటోందా అని అనుమానం. పాయసం పంపితే, ఆ మందులేమైనా కలిపిందేమోనని గేదెకి పోసేసింది. గేదె హాయిగా తాగి పడుకుంది.

"రోకలి ఎవరి మీద వేస్తుందో ఎవరికి తెలుసు?" అంది నాంచారి నలుగురిలో. అంతే, వరహాలు రోట్లో చెయ్యి పెట్టేవాళ్ళే లేకపోయారు. పాపం, ఒక్కతే దంచి, ఒక్కతే వంగి ఎగదోసుకునేది.

అప్పుడు ఊరికో అలవాటు పట్టుకుంది. ఏడ్చినవాళ్ళు కంట్లో నలక పడిందనేవాళ్ళు. నిద్ర పట్టనివాళ్ళు దోమలనేవాళ్ళు. ఎవరి మొహం కాస్త వాడినా, ఈవిడకీ మొదలైందా అని పక్కావిడ ఓరకంట చూసేది. కడుపులో మాట చెప్పుకునే రోటి దగ్గర వానల గురించి తప్ప మాటే లేదు.

అలా ఉండగా నాంచారి కూతురు పైడి పురిటికొచ్చింది. కొడుకు పుట్టాడు. పైడి వాణ్ణి ఎత్తుకోదు, అన్నం ముట్టదు, గోడకేసి తిరిగి పడుకుంటుంది. నాంచారి గుండెల్లో రాయి పడింది. అడిగినవాళ్ళకి మొదట కామెర్లంది. ఆ తర్వాత దిష్టంది. ఆ తర్వాత ఎవరూ అడక్కుండా తలుపే వేసేసింది.

ఒకరోజు పైడి గోడకేసే చూస్తూ, "అమ్మా, నేను లేకపోతే నువ్వు తలుపు తీసుకుని ఉండొచ్చు కదా" అంది.

నాంచారి ఒక్క ఉదుటున లేచింది. ఎవరితో చెప్పుకుంటుంది? పక్కింటికే వెళ్ళింది. ఊరంతా చాటుతుందేమో, నన్ను చూసి నవ్వుతుందేమో అని గుమ్మం దాకా అనుమానమే.

గుమ్మం దాటాక ఉన్నదంతా చెప్పేసింది. వరహాలు పొయ్యి మీది మంగలం దించి, వచ్చి పైడి పక్కన కూర్చుంది. "నాకూ ఇలాగే ఉండేది పైడీ. ఇది తగ్గుతుంది. పొద్దున్న బస్సుకి డాక్టరమ్మ దగ్గరికి పోదాం, నేనూ వస్తాను" అంది. పైడి అప్పుడు ఇటు తిరిగింది.

కొన్నాళ్ళకి పైడి తేరుకుంది. పిల్లాణ్ణి చంకనెత్తుకుంది, నవ్వింది, రోకలి పట్టుకుని రోటి దగ్గరికొచ్చింది. ఆడవాళ్ళంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కన్నతల్లి కదా, నాంచారి చెయ్యి చాచింది. చాచి, అరక్షణం ఆగింది. చూశావా కన్నా, అనుమానం ఎంత పాడుదో! ఆ అరక్షణంలో వరహాలు చెయ్యి రోట్లో ఉంది.

రోకలి పడింది, లేచింది. చేతికేమీ కాలేదు. నాంచారికి సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. అందరి ముందూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, నలక పడిందనలేదు. "ఇప్పుడు నువ్వు దంచు వరహాలూ" అని, తన చెయ్యి రోట్లో పెట్టింది.

అప్పుడు వెనకాల చేట పట్టుకున్న ముసలావిడ మెల్లగా అంది: "మా ఇంట్లో దోమల్లేవర్రా. నాకే నిద్ర పట్టడం లేదు."

అందరూ జరిగి, ఆవిడకి చోటిచ్చారు.

రోకలి గోడకు చేరింది,
కథేమో కంచికి చేరింది,
మా చిట్టి కంటికి నిద్దర
దారి తెలిసి ఇల్లు చేరింది.