పొద్దు గుంకితే చూపు ఆనని కుక్క

1978వ సంవత్సరం, చలి మొదలైన నెల. ఆదోని దిక్కున ఉరుకుందు అనేవాడు తన గురువును ఒక మాట అడిగాడు. గురువు పేరు గాదిలింగప్ప, గొర్రెల కాపరి. తోడేళ్లకు అడ్డం నిలిచే కుక్కలను పుట్టించి పెంచడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఉరుకుందు ఆరేళ్లుగా అతని వెంట తిరిగి ఆ పని నేర్చుకుంటున్నాడు.

గాదిలింగప్ప కుక్కపిల్లలను అమ్మేవాడు కాదు. కావలసినవాడు తన మంద నుంచి పిడికెడు ఉన్ని తెచ్చి ఇవ్వాలి. ఈనిన కుక్క పడుకునే చోట ఆ ఉన్నిని పరిచి, దాని మీదనే ఆ పిల్లను పెంచేవాడు. పాలు మానేనాటికి ఏ మందకు పోవలసిన పిల్లకు ఆ మంద వాసన తెలిసిపోయేది. రెండేళ్లు నిండాక, ఎంత దూరమైనా నడిచిపోయి, ఇచ్చిన ప్రతి పిల్లనూ చూసి వచ్చేవాడు.

ఆ ఏడు అతని దగ్గర బూడిద అనే ఆడకుక్క మళ్లీ ఎదకు రావలసి ఉంది. దాని రెండో ఈత పిల్లల కోసం నాలుగు మందల నుంచి వచ్చిన ఉన్ని మూటలు గుడిసె చూరుకు వేలాడుతున్నాయి. అందులో ఒకటి నా మందది. మొదటి ఈతలో పుట్టినవి మూడు. వాటిని చూసి రావడానికి ముసలి గాదిలింగప్ప కంబళి భుజాన వేసుకున్నాడు. అప్పుడు అడిగాడు ఉరుకుందు.

“మామా, ఇచ్చేసినాక ఆ పిల్లతో మనకేం పని? కాపురం ఎట్లుందో చూసొచ్చేదానికి అదేమన్నా ఆడబిడ్డా?”

గాదిలింగప్ప “సద్ది కట్టుకో” అన్నాడు.

మొదటి మంద దగ్గరి కుక్క వాళ్లను దూరంగానే ఆపేసింది. యజమాని వచ్చి పలికేలోపు ఉరుకుందు పంచె అంచు చించింది కూడా. ముసలాయనకు సంతోషమైంది. రెండో మంద సుంకులమ్మది. మొగుడు పోయిన మనిషి, నలభై గొర్రెలను ఒక్కతే మేపుకుంటుంది. ఆమె వాళ్లకు మజ్జిగ ఇచ్చి, తన కుక్క చుక్కను పొగడడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. అంతలో పొద్దు గుంకింది, మంద దొడ్డికి మళ్లింది. ఒక ముసలి గొర్రె మెడలో గంట మోగుతోంది. చుక్క దాని డొక్కకు ముక్కు ఆనించి, పక్కనే అడుగులో అడుగు వేస్తూ నడుస్తోంది. ఎవరైనా గంట కడితే ముందు నడిచే పొట్టేలుకు కడతారు గాని, వెనకబడే ముసలిదానికి కట్టరు.

“దీనికి గంట ఏందమ్మా?” అన్నాడు గాదిలింగప్ప.

“దిష్టికేనన్నా.”

“దిష్టి తగిలేంత అందం దానికి యాడుండాది?”

సుంకులమ్మ నవ్వింది కాని అతని మొహం చూడలేదు. ముసలాయన తన చేతికర్రను చప్పుడు కాకుండా చుక్క దారికి అడ్డంగా వంచి పట్టుకున్నాడు. చుక్క నేరుగా వచ్చి దానికి తగిలి బోర్లా పడింది. లేచి, కర్ర ఉన్న వైపు తిరిగి తోక ఊపింది. సుంకులమ్మ దాన్ని దగ్గరికి తీసుకుని రాతి మీద కూర్చుంది.

“నీకు చెప్పే మనసు రాలేదన్నా. పగలు బాగానే చూస్తాది. పొద్దు గుంకితే కండ్లు కనపడవు. గంట వింటా మందతోనే వస్తాది. ఒక్కనాడు గూడా మందను ఇడిసి పోలేదు.”

“గొర్రెపిల్లలు ఎన్ని పోయినాయి?”

“రెండు” అంది ఆమె. “దాని తప్పేం లేదన్నా.”

“దానిది లేదు” అన్నాడు ముసలాయన.

మరుసటి రోజు మూడో మంద దగ్గరికి పోయారు. దాని యజమాని దొడ్డబసప్ప వాళ్లను చూడగానే కుక్క మీద ఫిర్యాదు ఎత్తుకున్నాడు. “ఏం పిల్లనిచ్చినావు సామీ! చీకటి పడితే నా కాళ్ల సందున దూరుతాది. పిరికి గొడ్డు. ఎంత కొట్టినా మారల్యా.” గాదిలింగప్ప నేల మీద కూర్చుని ఆ కుక్క మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చెవి పక్కన కర్రదెబ్బలు మానిన మచ్చలున్నాయి. అతను దాని కళ్లలోకి చాలాసేపు చూశాడు. దొడ్డబసప్పకు ఇంకో మంచి కుక్క ఉంది. అందుకని దీన్ని అడిగి, తాడు కట్టి, తన వెంట తీసుకుని బయలుదేరాడు.

ఆ పిల్లల తండ్రి కర్రెగాడు. అది బూడిద తల్లికి తోడబుట్టినది. మంద ఘనత మందలోనే ఉండాలని గాదిలింగప్ప బయటి మగకుక్కను దరికి రానిచ్చేవాడు కాదు. “మేనమామ వరసే గదా, మనకు చెల్లింది కుక్కలకు చెల్లదా?” అని నవ్వుతూ వాటిని జత కట్టించాడు. ఆనాడు నేనూ అక్కడున్నాను. నేనూ నవ్వాను.

దారిలో ఉరుకుందు అన్నాడు: “మామా, ఈతూరి పరాయి మగకుక్కను తెద్దాం. పిల్లలకు కండ్లు బాగుంటాయి.”

“బాగుండొచ్చు. వాటి పిల్లలకు? నెత్తురులో ఉండేది యాడికి పోతాది?”

ఉరుకుందు కుక్క తాడు అందుకుని ముందు నడిచాడు.

ఊరు చేరాక ముసలాయన నాలుగు ఉన్ని మూటలూ దించి, కారణం చెప్పి, ఎవరివి వాళ్లకు పంపేశాడు. నేను నమ్మలేదు. పిల్లను ఇవ్వడం ఇష్టం లేక సాకు చెబుతున్నాడనుకుని రెండేళ్లు అతనితో మాట్లాడలేదు. పొట్టేళ్లకు వట్టలు నొక్కే మనిషిని పిలిపించి కర్రెగాడికీ ఇక సంతానం కలగకుండా ఆ పని చేయించాడు. వాపు తగ్గాక దాన్ని తోలుకుపోయి సుంకులమ్మ మందకు ఇచ్చి, చుక్కను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. కర్రెగాడు అంతవరకు అతని మందకు కోటగోడలాంటి కుక్క. బూడిద ఎదకు వచ్చిన మూడు వారాలూ దాన్ని గుడిసెలోనే కట్టేసి ఉంచాడు. ఆ రోజుల్లో మంద దగ్గర మిగిలినవి సందె వేళకు చూపు ఆనని రెండు కుక్కలు, కర్రలు పట్టుకున్న ఇద్దరు మనుషులు. ఏ మందకు కాపు తగ్గిందో తోడేళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

శివరాత్రి ముందు ఒక సాయంత్రం ఉరుకుందు రక్తపు జాడ పట్టుకుని గుట్ట దాకా పోయి, ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. కర్రను నేలకేసి కొట్టాడు.

“దీంతో పదకొండు గొర్రెపిల్లలు పోయినాయి మామా. కర్రెగాడుంటే ఒక్కటీ పోయేది కాదు.”

గాదిలింగప్ప దొడ్డికి ముళ్లకంప అడ్డం లాగుతూ ఆగాడు.

“పదకొండూ మన మందలోవేనా?”

“మనవే. వేరేవాళ్లది ఒక్కటీ లేదు.”

“అయితే సరే” అన్నాడు.